ఒకే ఊరికి నాలుగు కాలేజీ బస్సులు: నేను అంటించిన పచ్చ స్టిక్కర్ కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో స్లైడ్లు లేవు, గ్రాఫిక్స్ లేవు. ఒక స్టిక్కర్ గురించి చెప్పాలి. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, పచ్చ రంగు. నా చేత్తో నేనే అంటించాను. ఎనిమిదేళ్లుగా దీని గురించి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. బీఎస్సీ నర్సింగ్ థర్డ్ ఇయర్. "అన్నా, కమ్యూనిటీ పోస్టింగ్ అని మమ్మల్ని ఊళ్లోకి పంపిస్తారు. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుతాం. ఆ ఫారాలు తర్వాత ఎవరు చదువుతారో మాకు తెలీదు. మేం వెళ్లిన ఊరికే వేరే కాలేజీ వాళ్లు కూడా వస్తారు, వాళ్లేం చేస్తారో తెలీదు. దీనివల్ల ఉపయోగం ఏంటి?" అని. రెండు రోజులు రిప్లై ఇవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ "వేరే కాలేజీ వాళ్లు" నేనే.

2017 జనవరి. నేను బీటెక్ థర్డ్ ఇయర్, ఈసీఈ. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంప్, ఏడు రోజులు, మునుగోడు వైపు ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. నల్గొండ జిల్లాలో ఆ వైపు అంటే మీలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మాకూ తెలుసు. తెలిసే వెళ్లాం, అదే అసలు సిగ్గుపడాల్సిన విషయం.

మా మినీ ప్రాజెక్ట్ ఏంటంటే ఆర్డ్వినో బోర్డుకి ఒక టీడీఎస్ సెన్సర్ తగిలించి, ఊళ్లో ఉన్న బోర్లన్నీ టెస్ట్ చేసి, ఫోన్లో మ్యాప్ మీద పెట్టడం. 500 లోపు వస్తే పచ్చ, దాటితే ఎరుపు. మ్యాప్ చూడని వాళ్ల కోసం బోరు మీద కూడా అదే రంగు స్టిక్కర్. మా గ్యాంగ్‌లో ఆ ఐడియాకి చప్పట్లే చప్పట్లు. మేడమ్ కూడా మెచ్చుకున్నారు.

బీసీ కాలనీ చివర ఒక బోరు ఉంది. రీడింగ్ 480 వచ్చింది. పచ్చ స్టిక్కర్ అంటించాను. పక్కింట్లో ఒక అక్క, చేతిలో రెండేళ్ల బాబు, మళ్లీ కడుపుతో ఉంది. "ఈ నీళ్లు మంచియేనా?" అని అడిగింది. మంచివే అన్నాను. ఆమె కూడా సంతోషపడింది. "ఈ నీళ్లకు పప్పు కూడ మంచిగ ఉడుకుతది" అంది. ఫోటో తీసుకున్నాం. అంతే.

టీడీఎస్ మీటర్ గురించి ఒక్క నిమిషం. ఇంట్లో ప్యూరిఫయర్ అమ్మడానికి వచ్చే అబ్బాయి చేతిలో పెన్నులా ఉంటుంది కదా, అదే. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలు అన్నీ కలిపి ఎంత ఉంటాయో అంచనా వేస్తుంది. ఏ లవణం ఎంత అన్నది దానికి తెలీదు. బస్సులో ఎంతమంది ఎక్కారో చెప్తుంది, అందులో జేబుదొంగ ఉన్నాడో లేడో చెప్పదు. మన దేశంలో తాగునీటికి ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. లీటరులో 480 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నప్పుడు అందులో 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ ఉన్నా నా సెన్సర్‌కి తేడా ఏం తెలుస్తుంది?

ఇంకా దారుణమైన సంగతి నాకు తర్వాత తెలిసింది. నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి గట్టిపడి కిందికి దిగిపోతుంది. కాల్షియం తక్కువ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ కరిగి అలాగే ఉండిపోతుంది. కాల్షియం తక్కువ ఉన్న నీళ్లంటే ఏవి? పప్పు తొందరగా ఉడికే నీళ్లు. అంటే నాలుక ఆ బోరుకే ఓటేసింది, పప్పు ఆ బోరుకే ఓటేసింది, నా మిషన్ కూడా వెళ్లి దానికే ఓటేసి వచ్చింది.

రెండు నెలల తర్వాత ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం ఫోటోలు సరిపోక మళ్లీ వెళ్లాను. బస్ దిగగానే ఆశా అక్క కనిపించింది. క్యాంప్ టైమ్‌లో మాకు టీ పెట్టించిన అక్కే. నలభై ఐదేళ్లుంటాయి. "తమ్మీ, ఆ బోరుకు పచ్చది ఎందుకు అంటిచ్చిండ్రు? ఆ గల్లీ పిల్లల పండ్లు ఎప్పుడన్న చూసినవా?"

నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ కడుపుతో ఉన్న అక్కని ఆరు నెలల నుంచి బతిమాలి, తాగడానికే కాదు, వంటకి కూడా క్యాన్ నీళ్లే వాడేలా ఒప్పించింది. ఫ్లోరైడ్ నీళ్లు మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ మాట ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికే చాలా రోజులు పట్టిందట. నా స్టిక్కర్ పడ్డ మర్నాటి నుంచి ఆ ఇంట్లో వంటకి మళ్లీ బోరు నీళ్లే. ఆశా అక్క వెళ్లి అడిగితే, "కాలేజోళ్లు మిషిన్ పెట్టి చూసిండ్రు గద" అందట.

ఇది ఒక్కసారి ఆలోచించండి. ఆశా అక్కకి డిగ్రీ లేదు, మిషన్ లేదు, ఉన్నది ఊళ్లో వాళ్ల నమ్మకం. దాన్ని నేను ఒక మధ్యాహ్నంలో కొట్టేశాను.

సరే, ఫ్లోరైడ్ అని ఆమెకెలా తెలుసు? రూరల్ వాటర్ సప్లయ్ వాళ్లు టెస్ట్ చేసిన కాగితం గ్రామ పంచాయతీ ఆఫీసులో ఫైల్లో ఉంది. ఆ బోరుకి ఒకటిన్నరకి రెట్టింపు పైనే ఉంది. మేం మొదటిరోజు ఆ ఆఫీసులోనే కూర్చుని సర్పంచ్ గారితో గ్రూప్ ఫోటో దిగాం. ఫైల్ అడగాలని ఎవరికీ తట్టలేదు. ఇంకోటి. అదే వారంలో ఒక నర్సింగ్ కాలేజీ అమ్మాయిలు ఆ ఊళ్లో అంగన్‌వాడీ పిల్లల్ని, స్కూల్ పిల్లల్ని చూశారు. ఆ గల్లీ పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయని వాళ్ల ఫారాల్లో రాసుకున్నారు. మేం, వాళ్లు ఒకే స్కూల్ వరండాలో మధ్యాహ్నం భోజనం చేశాం. సాంబార్ బకెట్ అటూ ఇటూ అందించుకున్నాం. ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నిజం చెప్పాలంటే మావాళ్లు మాట్లాడాలని చూసింది వేరే విషయాలు, వదిలేయండి.

బండి తాళంచెవితో ఆ స్టిక్కర్ గీకేశాను. జిగురు పోలేదు. ఇంటికి వెళ్లి ఆ అక్కకి చెప్పాను, తప్పు చెప్పానని. ఆమె తిట్టలేదు. "అయితే మళ్ల క్యాన్ కొనాల్నా?" అంది. క్యాన్ పది రూపాయలు.

ఈ కథలో నేను చెప్పాలనుకున్న అసలు పాయింట్ ఇక్కడుంది. మమ్మల్ని ఊరికి పంపించారు. కానీ ఊళ్లో ఇంకో చదువు చదివే వాళ్లతో కలిసి ఎలా పనిచేయాలో ఎవరూ నేర్పలేదు. ఆ అమ్మాయిలకీ నేర్పలేదు.

ఫ్లోరైడ్ చరిత్ర చూస్తే ఇది ఇంకా విడ్డూరంగా ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి వైపు. డాక్టర్ల కంటే ముందు రైతులే గమనించారని చెప్తారు, ఎడ్లు నాగలి లాగలేక కుంటుతున్నాయని. అంటే మొదటి డయాగ్నసిస్ రైతుది.

తర్వాత 1973. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్, మనం తార్నాక వెళ్తే కనపడేది, అక్కడి నుంచి కృష్ణమాచారి గారు, కమలా కృష్ణస్వామి గారు లాన్సెట్‌లో ఒక పేపర్ రాశారు. నల్గొండ వైపు కుర్రాళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయి. ఫ్లోరోసిస్‌లో నడుము, మెడ బిగుసుకుపోవడం తెలుసు, ఇది కొత్త. నీళ్లొక్కటే చూస్తే సమాధానం దొరకలేదు. ఏం తింటున్నారో చూశారు. జొన్న ఎక్కువ తినేవాళ్లలో ఎక్కువ కనపడింది. ఆ జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువ ఉందని, దానివల్ల ఒంట్లోంచి రాగి బయటికి పోతుందని గమనించారు. మరి జొన్నలోకి అదెలా వచ్చింది? వాళ్ల అనుమానం నాగార్జునసాగర్ మీదికి వెళ్లింది. 1967లో కాలువలకి నీళ్లు వదిలాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చి, మట్టి స్వభావం మారి ఉండొచ్చు అని. అనుమానమే, తీర్పు కాదు. కానీ ఆ ఆలోచన తిరిగిన దారి చూడండి: డ్యామ్ కట్టినవాడు ఇంజనీర్, మట్టి చూసేవాడు అగ్రికల్చర్, కంచంలో ఏముందో చూసేది న్యూట్రిషన్, మోకాలు చూసేవాడు డాక్టర్. వీళ్లలో ఏ ఒక్కరూ ఒక్కరుగా ఆ ప్రశ్న కూడా వేయలేరు.

అదే సంస్థ తర్వాత చింతపండు మీద కూడా ఒక స్టడీ చేసింది. కొద్దిమంది అబ్బాయిలకి చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయింది. ఇది విని రేపటి నుంచి బోరు నీళ్లు తాగి పులుసు తాగేయకండి, అది మందు కాదు. నాకు నచ్చింది ఏంటంటే, ఎవరో సైంటిస్ట్ వంటింట్లోకి తొంగిచూశారు.

ఇక నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి చేరుతుంది. సింపుల్, చవక. కరెంటు లేకుండా బకెట్లో కూడా చేయొచ్చు. మన జిల్లా పేరుతో ప్రపంచంలో పుస్తకాల్లో ఉంది. ఊళ్లో ఎందుకు నిలబడలేదు? పటిక ఎంత వేయాలో ఒక్కో బోరుకి ఒక్కో లెక్క. ఎక్కువైతే రుచి చెడుతుంది. రోజూ ఎవరో ఒకరు కలపాలి, ఆగాలి, పైనీళ్లు వంచుకోవాలి, మడ్డి ఎక్కడ పోయాలో చూసుకోవాలి. పొద్దున ఏడింటికి కూలికి పోయే ఆడమనిషి ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? కెమిస్ట్రీ కరెక్టే. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ల్యాబ్‌లో జవాబు దొరకదు.

ఇప్పుడు బస్సుల లెక్క చూద్దాం. ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచి ఉంది. ఉన్నత్ భారత్ అభియాన్ 2014లో మొదలైంది, కాలేజీలు ఊళ్లని దత్తత తీసుకుంటాయి. మెడికల్ కాలేజీల్లో 2022 నుంచి ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్, ఫస్టియర్ నుంచే ఒక్కో స్టూడెంట్‌కి మూడు నుంచి ఐదు కుటుంబాలు. బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనల్ ఇయర్‌లో ఊళ్లో రైతుల మధ్య ఉండి పని నేర్చుకోవాలి, దాన్ని రావె అంటారు. నర్సింగ్ వాళ్లకి కమ్యూనిటీ పోస్టింగ్, ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లకి ఫీల్డ్ వర్క్. అంటే ఊరికి స్టూడెంట్స్ రావట్లేదు అనడానికి లేదు. తెగ వస్తున్నారు. నాలుగు బస్సులు, నాలుగు రోజులు, నాలుగు రకాల ఫారాలు. ఇంటావిడ మాత్రం ఒకరే. "మీ ఇంట్లో ఎంతమంది?" అని నాలుగోసారి అడిగితే ఆమె ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను.

వేర్వేరు వృత్తుల స్టూడెంట్స్ కలిసి నేర్చుకోవాలి అనేది కొత్త మాట కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లోనే దీని మీద ఒక రిపోర్ట్ వేసింది, 2010లో పూర్తి ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది. ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి అన్నది దాని సారం. మన దేశంలోనే మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ ఉంది. 1970లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు మొదలుపెట్టారు. ఊళ్ల వాళ్లు హాస్పిటల్ కంటే ముందు నీళ్లు, తిండి అడిగితే, బోర్లు వేయించడం దగ్గరే మొదలెట్టారు. చదువు రాని ఆడవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి వాళ్లతోనే ఊరి ఆరోగ్యం నడిపించారు. 1979లో మెగసెసే అవార్డు వచ్చింది.

సరే, మాటలు బాగున్నాయి, చేస్తే ఎలా ఉంటుంది? పోయినేడు మేం ఐదుగురం ట్రై చేశాం. పెద్ద ప్రోగ్రామ్ ఏం కాదు, రెండు రోజులు. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్ అబ్బాయి, ఒక నర్సింగ్ అమ్మాయి, ఒక అగ్రికల్చర్ అమ్మాయి, ఎంఎస్‌డబ్ల్యూ చేసే ఒక తమ్ముడు, నేను. నల్గొండ జిల్లాలోనే ఇంకో ఊరు. అక్కడి ఆశా వర్కర్ ఒక్కటే ఇల్లు చూపించింది. యాభై ఎనిమిదేళ్ల రైతు, నడుము పూర్తిగా వంగట్లేదు.

మొదటి గంట అట్టర్ ఫ్లాప్. ఆ పెద్దాయన మా ఎంబీబీఎస్ తమ్ముణ్ని చూసి "డాక్టర్ సార్" అన్నాడు, అంతే, మిగతా అందరం అసిస్టెంట్లం అయిపోయాం. నర్సింగ్ అమ్మాయి అతనికంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది, కానీ బీపీ మిషన్ పట్టుకుని వెనక నిలబడింది. నేను ఫోన్ తీసి నోట్స్ యాప్‌లో టేబుల్ గీస్తున్నాను. బుద్ధి రాలేదన్నమాట.

అప్పుడు ఎంఎస్‌డబ్ల్యూ తమ్ముడు బయటికి పిలిచి ఒక రూల్ పెట్టాడు. సాయంత్రం దాకా ఎవరూ వాళ్ల సబ్జెక్ట్ ప్రశ్న అడగొద్దు, పక్కవాళ్ల సబ్జెక్ట్ ప్రశ్న అడగాలి. పిచ్చి రూల్ అనిపించింది. కానీ డాక్టర్ తమ్ముడు పొలం గురించి అడగాల్సి వచ్చింది. పొద్దున ఎన్నింటికి వెళ్తారు, ఎన్నింటికి వస్తారు అని. అగ్రికల్చర్ అమ్మాయి నీళ్లు ఎక్కడ తాగుతారు అని అడిగింది. అక్కడ బయటపడింది. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా ఉంది, కృష్ణా నీళ్లు వస్తున్నాయి. మా అందరి మనసులో "నీళ్ల సమస్య తీరింది" అని టిక్ పడిపోయింది. కానీ ఆయన పగలంతా ఉండేది పొలంలో. అక్కడ తాగేది మోటర్ నీళ్లు. ఎండాకాలంలో ఇంట్లో తాగే నీళ్లకంటే పొలంలో తాగేవే ఎక్కువ.

నర్సింగ్ అమ్మాయి గోడకున్న క్యాలెండర్ వెనక నొప్పి బిళ్లల స్ట్రిప్పులు చూసింది. రోజుకి రెండు, ఏడాదిగా. డాక్టర్ తమ్ముడు వెంటనే ఆపేయాలి, కిడ్నీ పోతుంది అన్నాడు. ఆమె మొదటిసారి గట్టిగా మాట్లాడింది: "ఆపితే రేపు ఆయన లేవలేడు. లేవకపోతే మర్నాడు మెడికల్ షాపుకి వెళ్లి అవే కొంటాడు. పీహెచ్‌సీకి తీసుకెళ్లి, బదులు ఏం వాడాలో మాట్లాడి, అప్పుడు ఆపిద్దాం." ఇద్దరికీ వాదన అయింది. ఆమె చెప్పినట్టే చేశాం. మర్నాడు పీహెచ్‌సీకి తీసుకెళ్లాం.

పొలానికి ఇంటినుంచి నీళ్లు ఎందుకు తీసుకెళ్లరు అంటే, ఆయన భార్య ఏడింటికే కూలికి వెళ్లిపోతుంది, నల్లా ఆ తర్వాత వస్తుంది. యాప్ అక్కర్లేదు, సెన్సర్ అక్కర్లేదు. రాత్రే నింపి పెట్టుకోవడానికి మూతున్న ఐదు లీటర్ల క్యాన్ కావాలి. నేను చేసిన ఇంజనీరింగ్ అంతా ఆ క్యాన్ కొనడమే. ఇప్పుడు ఆయన తీసుకెళ్తున్నాడా? గుర్తున్నరోజు తీసుకెళ్తాడు, లేనిరోజు లేదు. ఆశా అక్క ఫోన్లో చెప్తుంది. మా ఐదుగురి రాత ఒక్క పేజీ, తెలుగులో, ఆమె దగ్గరే ఉంది.

నాకు దీంట్లో కనపడింది ఏంటంటే, కలిసి పనిచేయడం మంచి మనసుంటే వచ్చేయదు. అదొక పని. ఈత లాంటిది, నీళ్లలో దిగి మింగి దగ్గి నేర్చుకోవాలి. పక్కవాడి ముందు "ఇది నాకు తెలీదు" అనడం ప్రాక్టీస్ చేయాలి. మనకంటే పెద్ద డిగ్రీ ఉన్నవాడికి అడ్డుచెప్పడం ప్రాక్టీస్ చేయాలి. దానికి మార్కులుండాలి, ఎందుకంటే మార్కులు లేనిది మనం చదవం, మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ మార్కుల్లో కొన్ని ఆశా అక్క చేతిలో ఉంటే ఇంకా బాగుంటుంది. ఇంటర్న్‌షిప్‌లోనో ఉద్యోగంలోనో నేర్చుకుంటారులే అంటారు. నేను స్టిక్కర్ అంటించింది ఉద్యోగం రాకముందే.

ఈ ఎపిసోడ్ చేసేముందు పాత ఊరికి వెళ్లొచ్చాను. ఆ బోరు మోటర్ పీకేశారు, ఇంటికి నల్లా వచ్చింది. ఆ అక్క గుర్తుపట్టింది. అప్పుడు చేతిలో ఉన్న బాబుకి ఇప్పుడు పదేళ్లు. క్రికెట్ గురించి ఏదో అడిగితే నవ్వాడు. ముందు పళ్ల మీద సన్నగా తెల్ల గీతలున్నాయి. అవి నా రెండు నెలల వల్లా, అంతకుముందు రెండేళ్ల వల్లా అన్నది ఏ డాక్టరూ చెప్పలేడు. రెండు నెలలకి అంత కాదులే అని ఒక డాక్టర్ ఫ్రెండ్ అన్నాడు. అయ్యుండొచ్చు.

ఇక చెల్లీ, నీ మెసేజ్‌కి రిప్లై. ఈసారి పోస్టింగ్‌కి వెళ్లినప్పుడు ఆశా అక్కని అడుగు, ఈ నెలలో ఈ ఊరికి ఇంకెవరొచ్చారు, ఏం అంటించి వెళ్లారు అని. పంచాయతీ ఆఫీసులో నీళ్ల రిపోర్ట్ అడిగి ఫోటో తీసుకో. నీ ఫారంలో ముఖ్యమైన నాలుగు లైన్లు తెలుగులో రాసి ఆమెకి ఇచ్చిరా. స్కూల్ వరండాలో పక్క లైన్లో బీటెక్ వాళ్లు భోంచేస్తుంటే, వెళ్లి కూర్చుని "మీ మిషన్ ఏం కొలుస్తుంది?" అని అడుగు. వాళ్లు పోజు కొడతారు. కొట్టనీ. అడుగు.

ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.